మూడడుగులు లేపిన ఇల్లు, దాటలేని గడప

కర్నూలు పాతబస్తీ నుంచి ఒక కోడలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ వీధీ బయట పెట్టొద్దన్నారు. సంగతి ఇది.

వాళ్ల ఇల్లు హంద్రీ నదికి దగ్గర. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు కిటికీల పైదాకా నీళ్లు నిలిచాయి. కుటుంబమంతా పక్కింటి మేడ మీద రెండు రాత్రులు గడిపింది. ఆ తర్వాత ఆమె మామ పాత ఇల్లు విప్పించి, పునాది 3 అడుగులు లేపి కొత్తది కట్టుకున్నారు. వీధి నుంచి అరుగు మీదకు 6 మెట్లు. లోపలంతా నున్నటి బేతంచెర్ల బండలు. మరుగుదొడ్డి మాత్రం పాత అలవాటు ప్రకారం పెరట్లో, మేడ మెట్ల కింద. వెనక వరండా నుంచి మళ్లీ 6 మెట్లు దిగి పోవాలి.

మామకు ఇప్పుడు 74 ఏళ్లు. బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నారు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది. కర్రతో, ఒకరు పట్టుకుంటే, ఇంట్లో నాలుగడుగులు వేస్తున్నారు. అత్తకు మోకాళ్ల నొప్పులు, ఆమె ఎవరినీ పట్టుకోలేరు. భర్తది హైదరాబాద్‌లో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి బస్సెక్కుతారు. ఇంట్లో కుట్టుపని చేసుకుంటూ, ఇంటర్ చదివే కూతుర్ని చూసుకుంటూ, మామను లేపేదీ కూర్చోబెట్టేదీ ఈమె ఒక్కరే.

"మామ సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు ముట్టరు. ఎందుకని అడిగితే దాహం లేదంటారు. ఇంత ఎండల్లో కూడా అంతే. రాత్రి లేస్తే నన్ను పిలవాలి కదా, అదీ ఆయన బాధ. పోయిన నెల ఒక రాత్రి నాకు చెప్పకుండా ఆయనే లేచి పోబోయి వెనక వాకిలి దగ్గర పడ్డారు. ఎముక విరగలేదు గానీ పంచె తడిసిపోయింది. నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నారు" అని రాశారు.

భర్త వీధి వైపు ర్యాంపు కట్టిద్దామంటున్నారు. మేస్త్రీ వచ్చి చూసి, ముందు గోడ వెంబడి కాలువ మీదుగా 12 అడుగుల్లో తేలుస్తానన్నాడు. బెంగళూరులో ఉండే మరిది, ఇల్లు అమ్మేసి అందరూ లిఫ్టు ఉన్న ఫ్లాటుకు వచ్చేయండి, అలాగైతే నేనూ డబ్బు పెడతానంటున్నారు. గడప తీసేద్దామంటే అత్త ఒప్పుకోరు. ఈశాన్యం మూల ఉన్న స్టోరు గదిని బాత్రూము చేద్దామన్నా ఒప్పుకోరు. మామ రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట్లాడే మనిషి. పడిపోతారేమోనన్న భయంతో నాలుగు నెలలుగా ఆయన్ని అటు రానివ్వడం లేదు. ఈ గొడవలన్నిటి మీదా ఆయన అన్నది ఒక్కటే మాట: "నా ఇంటికి కడ్డీలు కొట్టి ఆస్పత్రి చేయొద్దు."

చివరి పేజీలో ఇలా ఉంది: "మీకు కాబట్టి చెబుతున్నా. ఇల్లు అమ్మేస్తే బాగుండని లోలోపల నాకే అనిపిస్తోంది. అనిపించినందుకు సిగ్గేస్తోంది. ర్యాంపు కట్టించమంటారా, ఇల్లు అమ్మమంటారా?"

అమ్మా,

మీ ఆయన, మరిది, మేస్త్రీ ముగ్గురూ వీధి మెట్ల గురించే మాట్లాడుతున్నారు. మామ మాత్రం ఆ మెట్ల ఊసే ఎత్తలేదు, గమనించారా? ఆయన పడింది వెనక వాకిలి దగ్గర. ఆయన నీళ్లు మానేసింది మరుగుదొడ్డి గురించి. ఆయనకు దూరమైంది అరుగు.

ఎవరినీ పిలిపించకముందు ఒక కాగితం తీసుకుని, మామ ఒక రోజులో ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలనుకుంటారో రాయండి. ఇప్పుడు పోగలిగిన చోట్లే కాకుండా మనసులో ఉన్నవి కూడా. మీ ఉత్తరాన్ని బట్టి నేను రాస్తే ఇలా వచ్చింది. మంచం నుంచి మరుగుదొడ్డికి పగలు నాలుగైదు సార్లు, రాత్రి ఒకటి రెండు సార్లు. మంచం నుంచి అరుగు మీదకు సాయంత్రం ఒకసారి. ఇంటి నుంచి ఆస్పత్రికి నెలకు ఒకటి రెండు సార్లు. వీధి ర్యాంపు పనికొచ్చేది ఈ ఆఖరిదానికే. ఇల్లంతా కలిసి కొట్లాడుకుంటున్నదీ దాని గురించే.

కాబట్టి మరుగుదొడ్డితో మొదలుపెడదాం. అక్కడే ఆయన పరువు ఉంది, మీ నిద్రా ఉంది.

ఈ వారంలోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మందుల షాపుల్లో మగవాళ్ల కోసం మూత ఉన్న ప్లాస్టిక్ యూరిన్ బాటిల్ దొరుకుతుంది. ఆయన కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి మంచం అంచున కూర్చుని ఎవరినీ పిలవకుండా వాడుకోగలరు. మంచానికి కుడివైపు, చేతికందే ఎత్తులో ఒక కొక్కేనికి తగిలించండి. ఎడమవైపు పెడితే లేనట్టే. ఎందుకో తర్వాత చెబుతాను. దాంతోపాటు చేతులున్న కమోడ్ కుర్చీ ఒకటి రాత్రిపూట మంచం పక్కన వేసి, పొద్దున్నే తీసేయండి. పగలంతా పడసాలలో కనిపిస్తూ ఉంటే ఆయన మాటన్నట్టు ఆస్పత్రే అవుతుంది. పొద్దున ఆ బాటిల్ పారబోసేది మీరే కదా అంటారు. నిజమే. కానీ అర్ధరాత్రి మిమ్మల్ని లేపి, మీ భుజం పట్టుకుని, వాకిట్లో నిలబడటంతో పోలిస్తే పొద్దున మూత పెట్టిన బాటిల్ మీరు తీసుకెళ్లడం ఆయనకు తేలిక. ఈ మాట మీరు చెప్పొద్దు. ఆదివారం మీ ఆయన్ని చెప్పమనండి, తండ్రీకొడుకులే ఉన్నప్పుడు.

నీళ్ల సంగతి ఊరికే వదిలేయకండి. వేసవిలో సాయంత్రం నాలుగు నుంచి పొద్దుటి దాకా నీళ్లు లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు, మలబద్ధకం వస్తుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అంటే పడకూడదని మానేసిన నీళ్లే ఆయన్ని పడేస్తాయి. రాత్రి ఏర్పాటు కుదిరాక, ఎనిమిది లోపల రెండు గ్లాసులు తాగించండి. గుండెకో కిడ్నీలకో నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఆ డాక్టర్ని అడిగాకే.

మంచం ఎలాంటిదో మీరు రాయలేదు. నులక మంచమైతే మార్చండి. కూర్చోగానే నడుము లోపలికి దిగిపోతుంది, ఒక కాలి బలంతో అందులోంచి లేవడం మనకే కష్టం. అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు సరిగ్గా మడత పడాలి. చాలామందికి 18, 20 అంగుళాల మధ్య కుదురుతుంది. ఎత్తు తక్కువైతే కోళ్ల కింద గుంట తవ్విన చెక్క దిమ్మలు పెట్టించండి. ఇటుకలు వద్దు, జారతాయి.

ఇక శాశ్వతమైన బాత్రూము. మెట్ల కింద ఉన్నదాని మీద డబ్బు పెట్టకండి. దానికి ఎన్ని హంగులు చేసినా 6 మెట్లు దిగాల్సిందే, లోపల తల వంచాల్సిందే. బాత్రూము ఇంటి నేలతో సమానంగా, పైన ఉండాలి. స్టోరు గది విషయంలో అత్తతో వాదించొద్దు. వాస్తు మీద నాకెంత నమ్మకముందన్నది ఇక్కడ అనవసరం. ఈశాన్యంలో దొడ్డి పెట్టిన ఇంట్లో రేపు ఎవరికి జ్వరం వచ్చినా ఆ మాటే వస్తుంది, ఆ మాట మీ మీదకే వస్తుంది. మీ వెనక వరండాకు వాయవ్యం మూల ఖాళీగా ఉందని మీరు గీసి పంపిన ఇంటి పటంలో కనిపిస్తోంది. వాస్తు చూసేవాళ్లు కూడా వాయవ్యానికి మామూలుగా అడ్డు చెప్పరు. అక్కడ 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గోడ కడితే సరిపోతుంది. 5 అడుగులు ఎందుకంటే, రేపు చక్రాల కుర్చీ అవసరమైతే అది తిరగడానికి అంత చోటు కావాలి. ఇక్కడ మామ లేపిన 3 అడుగులు మీకు కలిసొస్తాయి. సెప్టిక్ ట్యాంకు పెరట్లోనే ఉంది, 4 అంగుళాల పైపుకు 10 అడుగులకు 3 అంగుళాల వాలు చాలు. నేలబారు ఇళ్లలో ఆ వాలు కోసం బాత్రూము నేల ఎత్తాల్సి వచ్చి మెట్టు పుడుతుంది. మీకా బాధ లేదు.

మేస్త్రీకి కచ్చితంగా చెప్పాల్సినవి కొన్ని. వాకిలి 3 అడుగులు. మనవాళ్లు బాత్రూముకు రెండున్నర అడుగుల తలుపు పెడతారు, చట్రం పోగా కుర్చీ ఇరుక్కుంటుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే, ఆ మనిషే తలుపుకు అడ్డమై మనం లోపలికి పోలేం. లోపలి గడియ బయట నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. గడియే వద్దంటే ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నీళ్లు ఆగడానికి వాకిట్లో కట్ట కట్టొద్దు, నేలనే తూము వైపు వాలుగా పోయాలి. షాపుల్లో దొరికే కమోడ్ మామూలుగా 15, 16 అంగుళాల ఎత్తు ఉంటుంది. భవనాలు అందరికీ అనువుగా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన మార్గదర్శకాల్లో 18, 19 అంగుళాలు ఉండాలని ఉంది. అవి ప్రభుత్వ భవనాలకు, జనం వచ్చేపోయే చోట్లకు రాసినవే, ఇంటికి నిర్బంధం లేదు. కొలతలు మాత్రం మనకూ పనికొస్తాయి. కమోడ్ కింద దిమ్మ పోసి ఎత్తు పెంచొచ్చు. మీ అత్త మోకాళ్లకూ అదే మందు.

నేలకు నున్నటి బండ వద్దు. మీ ఇంట్లో ఉన్న బండలే పాలిష్ లేనివి దొరుకుతాయి, అవి పరవండి. ఇప్పుడు నడిచే దారిలో ఉన్న నున్నటి బండలకు, రోలుకు ఉలితో గంట్లు కొట్టినట్టు, అక్కడక్కడ సన్నటి గాట్లు కొట్టిస్తే పట్టు వస్తుంది. రబ్బరు పట్టలు పరిచేస్తే పోదా అంటే, వాటి అంచులకే ఎడమ కాలు తగులుకుంటుంది. గుడ్డ పట్టలు అసలే వద్దు.

ఒక విషయం మామ ఎవరితోనూ అని ఉండరు, నేనే అడుగుతున్నాను. మనం ఎడమ చేత్తో కడుక్కుంటాం, కుడి చేత్తో తింటాం. ఆయనకు మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. ఈ మధ్య అన్నం సరిగ్గా తినడం లేదని మీరు రాశారు. పక్షవాతం తర్వాత మింగడం కష్టమై కూడా తిండి తగ్గుతుంది, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది కాకపోతే కారణం ఈ చెయ్యే కావచ్చు. కమోడ్ సీటు కిందే బిగించే నీళ్ల నాజిల్ ఉంటుంది, పక్కనున్న పిడి తిప్పితే చాలు, చెయ్యి తగలక్కర్లేదు. పిడి కుడివైపు వచ్చేలా చూసి కొనండి. సబ్బు, కొళాయి, అన్నీ కుడివైపే. అన్నానికి ఒక చెంచా కూడా పెట్టి చూడండి, ఏమీ అనకుండా.

స్నానానికి పీట తీసేయండి. కూర్చోగలరేమో, లేవలేరు. మామూలు ప్లాస్టిక్ కుర్చీ తడి బండ మీద కాళ్లు చాచేస్తుంది. కాళ్లకు రబ్బరు బుడిపెలు, పక్కలకు చేతులు ఉన్న గట్టి కుర్చీ కావాలి. ఎడమవైపు వేడి తెలియకపోవచ్చు, నీళ్లు ముందు కుడి చేత్తో చూసుకోమనండి.

ఇప్పుడు ఆ ఎడమ సంగతి. అన్నం తింటే కంచంలో ఎడమ సగం అలాగే మిగిలిపోతోందనీ, ఎడమ మోచెయ్యి వాకిలి చట్రానికి గీరుకుంటోందనీ, చూసుకోరని మీకు విసుగొస్తోందనీ రాశారు. అది నిర్లక్ష్యం కాదమ్మా. మెదడుకు కుడివైపు దెబ్బ తగిలితే కొందరికి ఎడమవైపు ప్రపంచం ఉందన్న స్పృహే తగ్గుతుంది. కన్ను బాగానే ఉంటుంది, మనసు అటు పోదు. డాక్టరుకు ఈ కంచం మాట చెప్పండి. ఇంట్లో వాకిళ్ల ఎడమ చట్రాలకు మెరిసే పసుపు రంగు టేపు అంటించండి, "ఎడమ చూడు మామా" అని గుర్తుచేస్తూ ఉండండి. అవసరమైన వస్తువులు కుడివైపు పెట్టి, కబుర్లు చెప్పేటప్పుడు మాత్రం మీరు ఎడమవైపు కూర్చోండి. కాస్తయినా అటు తిరుగుతారు.

కడ్డీల మీద ఆయనకున్న కోపం నాకు అర్థమవుతుంది. మా అమ్మకూ ఇంతే. ఆదోనిలో మా ఇంట్లో నేను ఆమెను అడగకుండా బాత్రూములో స్టీలు కడ్డీలు కొట్టించి, ఖరీదైన చక్రాల కుర్చీ కొనుక్కొచ్చాను. కడ్డీలు నాకు అనువైన ఎత్తులో ఉన్నాయి, ఆమెకు అందలేదు. కుర్చీ మీద రెండేళ్లు తడి చీరలు ఆరాయి. కాబట్టి ఈ విషయంలో నా మాట కొంచెం అనుభవం మీద వినండి. బాత్రూములో కడ్డీ తప్పదు, కమోడ్‌కు కుడి గోడకు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. టవల్ వేసుకునే రాడ్డు పట్టుకుని లేస్తే గోడలోంచి ఊడి వస్తుంది. ఇటుక గోడలోకి లోతుగా బోల్టు దిగాలి. బిగించాక మేస్త్రీనే వేలాడమనండి. కానీ పడసాలలో, వరండాలో స్టీలు అక్కర్లేదు. మీ ఇంటి తలుపుల చెక్కతోనే గుండ్రటి పట్టుచెక్క గోడ వెంబడి పెట్టిస్తే అది ఇంటి పనిలాగే ఉంటుంది. ఆస్పత్రిలా ఉండదు.

ఇక అరుగు. మీరందరూ 6 మెట్లను చూసి భయపడుతున్నారు గానీ, అరుగూ పడసాలా ఒకే ఎత్తులో ఉన్నాయి. మామకూ ఆయన సాయంత్రానికీ మధ్య ఉన్నది ఒక్క గడప! దాన్ని తీయించొద్దు. శుక్రవారం పసుపు రాసే గడపను పెకలిస్తే అత్తకు ఇల్లే పెకలించినట్టు ఉంటుంది. గడపకు లోపల ఒకటి, బయట ఒకటి ఏటవాలు చెక్కలు చేయించండి. వెడల్పు వాకిలంత, పైన గరుకు పట్టీ, వాలు మెల్లగా. కదలకుండా అమరాలి, పసుపు రాసే రోజు తీసి పక్కన పెట్టుకునేలా ఉండాలి. అరుగు అంచున 3 అడుగుల ఎత్తున కమ్మీల పిట్టగోడ లాంటిది పెట్టిస్తే, ఆ ఎత్తు నుంచి పడతారన్న మీ టెన్షన్ తీరుతుంది. అక్కడ ఒక చేతుల కుర్చీ, అంతే. ఈ మొత్తానికి వడ్రంగీ వెల్డరూ చాలు, ఒక వారం పని. సాయంత్రం వీధి ఆయన దగ్గరికే వస్తుంది.

ర్యాంపు దగ్గరికి వద్దాం. మీ ఆయనకు ఈ లెక్క చూపించండి. ఎత్తు 36 అంగుళాలు. చక్రాల కుర్చీకి 1కి 12 వాలు ఉండాలంటారు, అంటే ఒక అంగుళం ఎక్కడానికి 12 అంగుళాల పొడవు. మీకు 36 అడుగులు కావాలి. మేస్త్రీ చెప్పిన 12 అడుగుల్లో వాలు 1కి 4 అవుతుంది. మామ బరువు, కుర్చీ బరువు కలిపి 75 కిలోలు అనుకుంటే, దిగేటప్పుడు దాదాపు 18 కిలోలు మీ చేతుల్ని ముందుకు లాగుతూ ఉంటుంది. 36 అడుగుల ర్యాంపు మీద అది 6 కిలోలే. మేస్త్రీ కట్టేది జారుడుబండ. పైగా కాలువ మీద కడితే రేపు మున్సిపాలిటీవాళ్లు కాలువ తవ్వేటప్పుడు కొట్టేస్తారు.

సరైన ర్యాంపు మీ ఇంటికి అసాధ్యమేమీ కాదు. పక్క సందు 4 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు అని రాశారు. అక్కడ 26 అంగుళాలు ఎక్కొచ్చు. పెరట్లో 5 అడుగుల సమతలం వేసి, కుర్చీ తిప్పుకుని, వరండా వెంబడి ఇంకో 10 అడుగులు పోతే వెనక వాకిలికి చేరతారు. లెక్క సరిపోయింది. అయితే సందు మొత్తం పోతుంది. మీ స్కూటీ వీధిలో పెట్టుకోవాలి, వాననీళ్లు పోవడానికి ర్యాంపు కింద పైపు వేయాలి, పక్కింటివాళ్ల గోడకు తేమ పడుతుందంటే మాట పడాలి. ఇంకో సంగతి కూడా. ఇంటిపెద్ద తన ఇంట్లోకి పెరటి దారిన రావాలి. అది ఆయనకు ఎలా అనిపిస్తుందో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు.

అందుకే ఇప్పుడే కాంక్రీటు వద్దంటాను. పక్షవాతంలో కోలుకోవడం ఎక్కువ భాగం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో జరుగుతుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా సాగుతుంది. ఆయనకు నాలుగు నెలలే అయ్యాయి. ఇంకో రెండు మూడు నెలలకు ఆయన కర్రతో మెట్లు దిగే మనిషవుతారో, కుర్చీలోనే ఉండే మనిషవుతారో అప్పుడు తెలుస్తుంది. దిగగలిగేటట్టయితే మీకు ర్యాంపుతో పనే లేదు, మెట్లు బాగుచేస్తే చాలు. 6 అంగుళాల మెట్టు ఎత్తు ఫరవాలేదు, పాదం పూర్తిగా పట్టేలా వెడల్పు పెంచి, రెండు వైపులా పైపు కమ్మీలు పెట్టాలి. రెండు వైపులా ఎందుకంటే, ఎక్కేటప్పుడు ఆయన కుడి చేతికి ఉన్న కమ్మీ దిగేటప్పుడు ఎడమకు వస్తుంది. ఒక్కవైపు పెట్టినవాళ్లు ఎక్కించగలరు, దించలేరు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. ఫిజియోథెరపీ వాళ్లు దగ్గరుండి నేర్పాకే మెట్ల మీదకు. అప్పటిదాకా ఆస్పత్రి రోజున ఇద్దరు మగవాళ్లు గట్టి కుర్చీలో కూర్చోబెట్టి దించడమే. నెలకు రెండుసార్లు అంటే భరించగలిగిన శ్రమ.

మరిది మాట కూడా తీసిపారేయదగ్గది కాదు. లిఫ్టు ఉన్న ఫ్లాటులో మెట్ల బాధ ఉండదు, కమోడ్ లోపలే ఉంటుంది, రాత్రి మీతో పాటు ఇంకొకరు ఉంటారు. కానీ వెళ్లి చూడందే నిర్ణయించొద్దు. చాలా ఫ్లాటుల్లో బాత్రూము తలుపులు రెండున్నర అడుగులే, గుమ్మంలో రెండంగుళాల కట్ట ఉంటుంది, నేల మీద టైల్స్ మీ బండలకన్నా ఎక్కువ జారతాయి. అంటే అక్కడా ఈ పనులన్నీ చేయించాల్సిందే. మామను పేరు పెట్టి పిలిచేవాళ్లు అక్కడ ఎవరు? మీ కుట్టుపని గిరాకీ కర్నూల్లో ఉంది, మీ అమ్మాయి ఇంటర్ మధ్యలో ఉంది. మధ్య దారి ఇంకొకటి: ఈ ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి, కర్నూల్లోనే సి క్యాంపు వైపు కింద అంతస్తు ఇల్లు అద్దెకు తీసుకోవడం. ఖర్చు తక్కువ, వెనక్కి రావచ్చు. కానీ అద్దె ఇంటి గోడలకు బోల్టులు కొట్టనిచ్చే ఓనరు దొరకాలి.

ఇల్లు అమ్మేయాలనిపించినందుకు సిగ్గుపడకండి. నాలుగు నెలలుగా సరిగ్గా నిద్ర లేని మనిషికి ఇంతకన్నా ఏమనిపిస్తుంది? నాకైతే అది మీకు ఇంకొకరు కావాలన్న మాటలా వినిపిస్తోంది. మరిదిని అడగాల్సింది అదే. ఇల్లు అమ్మితేనే డబ్బు అనే షరతు పక్కన పెట్టి, పొద్దున రెండు గంటలు వచ్చి మామకు స్నానం చేయించే మగమనిషికి నెల జీతం ఆయన పెట్టాలి. అమ్మకం సంగతి ఏడాది తర్వాత చూసుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఏమవుతుంది? బాత్రూము ఖర్చు మీ ఆయన మీదే పడుతుంది, కొంచెం ఆలస్యమవుతుంది. కానీ మీరు అడిగారన్నది ఇంట్లో నిలబడుతుంది. ఆ అడిగేది మీ ఆయన నోటితో కావాలి, మీ నోటితో వద్దు.

డబ్బు గురించి రెండు మాటలు. మామకు వృద్ధాప్య పింఛను 4,000 వస్తోందన్నారు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగులకు 6,000 ఇస్తున్నారు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ కావాలి. కోలుకునే కాలం గడిచాక స్లాట్ కోసం మీ వార్డు సచివాలయంలో అడగండి. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి పేద వృద్ధుల కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ పథకం కింద కర్ర, చక్రాల కుర్చీ లాంటివి ఉచితంగా రావచ్చు. 2017లో ఆ పథకం మొదలైందే మన నెల్లూరులో. క్యాంపులు పెట్టినప్పుడే ఇస్తారు, ఎప్పుడో కలెక్టరేట్‌లో కనుక్కోవాలి. ఇంట్లోనే ఉండి వివరాలు అడగాలంటే పెద్దవాళ్ల కోసం 14567 నంబరు ఉంది.

ఇక ఈ మాటలన్నీ మామ దగ్గర ఎలా మొదలుపెట్టాలన్నది. "మీ కోసం" అనకండి. ఆనాటి నీళ్లకు 3 అడుగులు ఏ మూలకు? ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా లేపారు, ఎందుకంటే ఆ ఇంటికి ఏం కావాలో ఆలోచించే బాధ్యత తనదనుకున్నారు. నాలుగు నెలలుగా ఆ పని ఆయన చేతిలోంచి మీరంతా తీసేసుకున్నారు. అత్త మోకాళ్లకు పైనే ఒక బాత్రూము కావాలి, వాయవ్యం మూల సరిపోతుందా, పైపు ఎటు తీద్దాం అని అడిగి చూడండి. అత్త మోకాళ్లు అబద్ధమేమీ కాదు కదా. సగం విషయాలు ఆయనే చెబుతారు, మిగతా సగానికి మిమ్మల్ని తిడతారు. తిట్టనివ్వండి.

మేస్త్రీ వచ్చే రోజు ఆదివారం అయ్యేలా చూసుకోండి. ఇద్దరు పట్టుకునైనా, మామను వెనక వరండాలో కుర్చీలో కూర్చోబెట్టండి. కమోడ్ ఎక్కడ రావాలో అక్కడే. లేవడానికి చెయ్యి ఎక్కడ ఆనితే బాగుంటుందో మేస్త్రీని చెప్పనివ్వకండి. ఒక సుద్దముక్క మామ కుడి చేతికి ఇచ్చి, గోడ మీద ఆయన్నే గీయమనండి.